స్వపరాగ మొక్కకు ఎవరి సాయమూ అక్కర్లేదా? టమాట పూత, సొర పిందె, చపాట విత్తనం గురించి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. హన్మకొండలో మేడ మీద తోట పెంచుతున్న ఒకరు అడిగారు: "టమాట స్వపరాగ మొక్క, అంటే తన పుప్పొడితో తానే కాయ కట్టుకునేది, తేనెటీగలు లేకున్నా కాస్తుందని చదివాను, మరి పూత మొత్తం ఎందుకు రాలిపోతోంది? సొర తీగకు పిందెలు వస్తున్నాయి కానీ నాలుగు రోజుల్లో పసుపు రంగుకు మారి మాడిపోతున్నాయి. ఊరి నుంచి తెచ్చిన చపాట మిర్చి పక్కనే సన్న మిర్చి కుండీలు ఉన్నాయి, మిర్చి కూడా స్వపరాగమే కదా, విత్తనం తీసి దాచుకుంటే కలవదు కదా?"

ముందు సూటిగా చెప్తా. టమాట పువ్వుకు తేనెటీగ అక్కర్లేదు, కానీ కదలిక కావాలి, అంతకన్నా ముందు రాత్రిళ్లు కాస్త చల్లగా ఉండాలి. సొర స్వపరాగ మొక్క కానే కాదు, దాని మగ పువ్వు వేరు, ఆడ పువ్వు వేరు, మేడ మీదికి రాత్రి పురుగులు రాకపోతే ఆ పని మీరే చేయాలి. ఇక మిర్చి. కాయ దానంతట అదే కడుతుంది, విత్తనం మాత్రం కలుస్తుంది. చపాట విత్తనం దాచాలంటే కొమ్మకు గుడ్డ కట్టాల్సిందే.

ఇప్పుడు ఎందుకో చెప్తా, కొంచెం పొడుగవుతుంది. నేను హుజూరాబాద్, జమ్మికుంట, ఎల్కతుర్తి వైపు సీడ్ వరి, అంటే హైబ్రిడ్ వరి విత్తనం పండించే పొలాల్లో చాలా ఏళ్లు పని చేసినవాణ్ణి, ఇప్పుడు ఇంటి దగ్గర కూరగాయలు, మిర్చి విత్తనం చూసుకుంటున్నాను. కాబట్టి నేను చెప్పేది ఎక్కువగా విత్తనం వైపు నుంచి ఉంటుంది.

స్వపరాగ మొక్క అని వినగానే మనం రెండు నమ్మకాలు పెట్టుకుంటాం. ఎవరి సాయం లేకుండా కాయ కడుతుందని ఒకటి, దాని విత్తనం తల్లిలాగే వస్తుందని రెండోది. ఈ రెండూ ఎప్పుడూ కలిసే ఉంటాయనేం లేదు. సొర తీగ మీది మగ పువ్వు పుప్పొడి అదే తీగ మీది ఆడ పువ్వుకు చేరితే వంశం లెక్కన అది స్వపరాగమే, విత్తనం కూడా అదే తీగది, కానీ మోసేవాళ్లు లేకపోతే ఆ పుప్పొడి అంగుళం కూడా కదలదు. మిర్చిది దీనికి పూర్తిగా తిరగేసిన కథ, ఎవరూ రాకున్నా కాయ కడుతుంది, ఎవరైనా వస్తే మాత్రం పక్క మొక్క పుప్పొడి కూడా తెచ్చి పెడతారు. మీ మూడు మొక్కల తికమక అంతా ఇక్కడే ఉంది.

వరితో మొదలుపెడతాను, అసలైన స్వపరాగం ఎట్లా ఉంటుందో దాంట్లోనే బాగా కనిపిస్తుంది. వరి పువ్వు పొద్దున పది నుంచి మధ్యాహ్నం లోపల విచ్చుకుంటుంది. లోపల ఆరు కేసరాలు, అంటే పుప్పొడి సంచులు మోసే కాడలు ఉంటాయి, పొట్టు రెండు పలుకులుగా తెరుచుకునే సమయానికే అవి పగిలి పుప్పొడి తన కీలాగ్రం, అంటే పుప్పొడి అందుకునే ఆడ భాగం కొస మీదనే పడిపోతుంది. గంట గంటన్నరలో మళ్లీ మూసుకుంటుంది. కంకి బయట తెల్లగా వేలాడే సుంకు చూసి చాలామంది ఇప్పుడే పూత మొదలైందనుకుంటారు గానీ ఆ గింజ వరకు పని అప్పటికే అయిపోయింది, బయట కనిపించేవి ఖాళీ సంచులు. పైగా వరి పుప్పొడి బతికేది కొద్ది నిమిషాలే. అందుకే విత్తన ధృవీకరణ నిబంధనల్లో మామూలు వరి రకానికి పక్క రకం నుంచి 3 మీటర్ల దూరం చాలంటారు. అదే రైతుకు అమ్మే సర్టిఫైడ్ మిర్చి విత్తనానికి 200 మీటర్లు, దాన్ని తయారుచేయడానికి వాడే ఫౌండేషన్ విత్తనానికి 400 అడుగుతారు. అదే వరసలో టమాటకు 25, 50. వంకాయకు 100, 200. ఏ పంట ఎంత కలుస్తుందో తెలుసుకోవడానికి ఇంతకంటే తేలిక దారి నాకు కనిపించలేదు, పుస్తకంలో స్వపరాగం అని రాసి ఉన్నా సరే ముందు ఆ దూరం ఎంతో చూడండి.

వరి ఇట్లా తనలో తానే కలవడం వల్లనే 1986లో బాపట్ల నుంచి విడుదలైన సాంబ మసూరి, అదే బీపీటీ 5204, ఇప్పటికీ రైతు ఇంట్లో దాచిన వడ్లతో కూడా సాంబ మసూరిలాగే పండుతోంది. మన వరంగల్ సన్నాలు, జగిత్యాల సన్నాలు కూడా అంతే. అయినా పొలంలో కేళీలు, అంటే వేరే రకం మొక్కలు ఎందుకు వస్తాయని మీరడగొచ్చు. ఎక్కువ భాగం పుప్పొడి వల్ల కాదు. హార్వెస్టర్ పక్క ఊళ్లో వేరే రకం కోసి నేరుగా మీ పొలంలోకి దిగుతుంది, దాని పొట్టలో మిగిలిన వడ్లు మీ కుప్పలో పడతాయి. లేదంటే కల్లంలో, బస్తాల్లో, పోయిన పంటకు రాలి మొలిచిన గింజల్లో కలుస్తాయి. వరి విత్తనం దాచుకునే రైతుకు నేను చెప్పేదొక్కటే, మెషిన్ వచ్చే ముందు మడి మధ్యలో మంచి కంకులు చేత్తో కోయించి పక్కన పెట్టుకో అని. వినేవాళ్లు తక్కువ, అది వేరే సంగతి.

ఇట్లా తనలో తాను మూసుకుని ఉండే పంటను వేరే పుప్పొడితో కలిపించాలంటే ఎంత కష్టమో మా సీడ్ వరి పొలాలకు వచ్చి చూడాలి. మావైపు జనం దాన్ని ఆడ మగ వరి అంటారు. ఆడ వరుసల్లో పుప్పొడి పనిచేయని రకం పెడతారు, పక్కన కొన్ని వరుసలు మగవి. రెండూ ఒకేసారి పూతకు రావాలి కాబట్టి నారు పోయడం ముందూ వెనకా చేస్తారు, అక్కడ లెక్క తప్పితే ఆ సీజన్ పోయినట్టే. ఆడ రకం కంకి దాన్ని చుట్టి ఉండే పోటాకులోంచి పూర్తిగా బయటికి రాదు, అందుకని అది సాగేలా జిబ్బరెల్లిక్ ఆసిడ్ అనే హార్మోను మందు కొడతారు. పూత టైములో ఎండ ఎక్కినాక ఇద్దరు చెరో గట్టున నిలబడి పొలం మీదుగా తాడు లాగుతారు, లేదా కర్రలతో మగ వరుసలను ఆడవాటి మీదికి వంచుతారు. అరగంటకోసారి, రోజుకు మూడు నాలుగు సార్లు, పూత ఉన్నన్ని రోజులు. పుప్పొడి పొగలా లేస్తుంది. ఇంత చేసినా మామూలు వరి దిగుబడిలో సగం కూడా పండని పొలాలు చాలా ఉంటాయి, హైబ్రిడ్ వరి విత్తనం ధర చూసి తిట్టుకునేవాళ్లు ఆ తాడు లాగే ఎండను కూడా లెక్కలో వేసుకోవాలి.

సరే, టమాట దగ్గరికి వస్తా. టమాట పువ్వు మధ్యలో పసుపుపచ్చ గొట్టంలా కనిపించేది కేసరాలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఏర్పడింది. కీలాగ్రం దాని లోపల దాక్కుని ఉంటుంది. పుప్పొడి గొట్టం లోపలి వైపుకే రాలుతుంది, పువ్వు కిందికి వేలాడుతుంది కాబట్టి కదిలితే చాలు, కీలాగ్రం మీద పడుతుంది. ఉప్పు సీసా తిరగేసి పట్టుకుంటే సరిపోదు, ఆడించాలి కదా, అంతే. పొలంలో గాలి ఆ పని చేస్తుంది. మేడ మీద చుట్టూ పిట్టగోడ, నాలుగు వైపులా గ్రీన్ షేడ్ నెట్ కట్టుకున్నామంటే గాలి చచ్చిపోతుంది. పొద్దున తొమ్మిది నుంచి పదకొండు మధ్య పూత గుత్తి వెనక కాడను వేలితో రెండు మూడు సార్లు మీటండి, ముట్టుకోవాల్సింది పువ్వును కాదు, కాడను. ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ వెనక భాగం కాడకు ఆనించేవాళ్లు కూడా ఉన్నారు, బాగానే పనిచేస్తుంది. విదేశాల్లో గ్రీన్‌హౌస్ టమాటకు బంబుల్‌బీ అనే లావు తేనెటీగల పెట్టెలు పెట్టేది కూడా ఈ కదలిక కోసమే, టమాట పువ్వులో తేనె ఉండదు. మన తంగేడు పువ్వు కూడా ఇదే తీరు, తేనె ఉండదు, కేసరాల కొసన చిన్న రంధ్రాలే ఉంటాయి, తుమ్మెద వచ్చి పట్టుకుని జుమ్మని వణికిస్తే గానీ పుప్పొడి రాలదు. మామూలు తేనెటీగకు ఆ వణికించడం రాదు. కాబట్టి టమాట కోసం తేనెటీగల పెట్టె కొనమని ఎవరైనా చెప్తే ఆ డబ్బులు వేరే దానికి వాడుకోండి.

కానీ మీ అసలు సమస్య అది కాదేమోనని నా అనుమానం. మీరు ఏ నెలలో నాటారో చెప్పలేదు. మార్చి చివర నుంచి మన దగ్గర పగలు 38, 40 దాటుతుంది, మేడ స్లాబు రాత్రంతా వేడి కక్కుతూనే ఉంటుంది. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి 25 కన్నా కిందికి దిగకపోతే టమాట పుప్పొడి సరిగా తయారుకాదు, తయారైనా మొలకెత్తదు, కొన్ని రకాల్లో కీలాగ్రం గొట్టం దాటి బయటికి పొడుచుకొస్తుంది, అప్పుడు ఎంత మీటినా లాభం లేదు. పువ్వు కాడ మధ్యలో ఉన్న గణుపు దగ్గర పసుపుపచ్చగా మారి రాలిపోతుంది. ఆ టైములో హార్మోను మందులు కొట్టి కాయ కట్టించొచ్చు, గింజ లేని బోలు కాయలు వస్తాయి, ఇంటి తోటకు నేనైతే చెప్పను. నీడ ఇచ్చి మొక్కను బతికించుకోండి, వాన పడి చల్లబడ్డాక మళ్లీ పూస్తుంది. లేకపోతే జూన్ జూలైలో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి నారు పోసుకోండి. యూరియా, కోడి ఎరువు ఎక్కువైనా ఆకు గుబురుగా వచ్చి పూత నిలవదు, అదీ చూసుకోండి.

వరికీ ఇదే బాధ. పూత విచ్చుకునే ఆ గంటలో వేడి 35 దాటితే పుప్పొడి దెబ్బతింటుంది. యాసంగి నాట్లు ఆలస్యమై ఏప్రిల్ ఎండలో ఈనిన పొలాల్లో తాలు ఎక్కువగా కనిపించేది అందుకే. స్వపరాగమైనా సరే, పుప్పొడి బతికుంటేనే కదా.

సొర, బీర, పొట్ల, గుమ్మడి, కాకర. వీటన్నిటికీ ఒకే తీగ మీద మగ పువ్వులు, ఆడ పువ్వులు వేరువేరుగా వస్తాయి. ఆడ పువ్వు కింద చిన్న పిందె ఉంటుంది, మగ పువ్వుకు సన్నని కాడ తప్ప ఏమీ ఉండదు. మొదట్లో వారం పది రోజులు మగ పువ్వులే వస్తాయి, కంగారు పడొద్దు. మీ పిందె నాలుగు రోజులకు పసుపు రంగుకు మారి మాడిందంటే పుప్పొడి అందలేదని అర్థం, ఆ పిందె పువ్వుతోనే పుట్టింది, కాయగా కట్టలేదు. అయితే పిందె మెత్తబడి, కోసి చూస్తే లోపల పురుగు ఉంటే అది పండు ఈగ, దానికి ఎర బుట్టలు పెట్టాలి, చేత్తో పుప్పొడి అద్దినా ఉపయోగం ఉండదు. ముందు ఒక పిందె కోసి చూసుకోండి.

చాలామంది పొద్దున కాఫీ తాగి మేడ ఎక్కి సొరకు పుప్పొడి అద్దుతారు, అప్పటికి ఆలస్యమైపోయింది. సొర తెల్ల పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, దానికి వచ్చేది రాత్రి తిరిగే రెక్కల పురుగులు. బీర కూడా సాయంత్రమే, పొట్ల కూడా చీకటి పడ్డాకే. గుమ్మడి, కాకర, దోస పొద్దున. సొర, బీరకు సాయంత్రం ఆరు ఏడు మధ్య వెళ్లండి. అప్పుడే విచ్చుకున్న మగ పువ్వు తెంపి, రేకులు వలిచి, మధ్యలో మిగిలిన పుప్పొడి భాగాన్ని ఆడ పువ్వు మధ్యలో మెల్లగా అద్దండి. ఒక మగ పువ్వు రెండు ఆడ పువ్వులకు వస్తుంది. కీలాగ్రానికి మూడు పాయలుంటాయి, మూడింటికీ తగిలేలా అద్దాలి, ఒకవైపే తగిలితే కాయ వంకరగా పెరుగుతుంది. బ్రష్ కూడా పెట్టొచ్చు గానీ సగం పుప్పొడి బ్రష్‌కే పోతుంది.

అన్నట్టు బతుకమ్మకు గుమ్మడి పూలు కోసేటప్పుడు ఇంట్లోవాళ్లకు ఒక మాట చెప్పి పెట్టండి, పొడుగు కాడ ఉన్న మగ పూలే కోయాలి, రెండు మూడు తీగ మీద వదిలేయాలి. మా ఊళ్లో పెద్దవాళ్లకు ఇది చెప్పకుండానే తెలుసు, చిన్నపిల్లలు మాత్రం పిందెతో సహా తెంపుకొస్తారు.

ఇక మిర్చి. అసలు నేను ఈ సమాధానం రాయడానికి కూర్చున్నది దీని కోసమే. చపాట మిర్చి మన వరంగల్, హన్మకొండ, ములుగు, భూపాలపల్లి వైపు రైతులు తరతరాలుగా విత్తనం దాచుకుంటూ వచ్చిన రకం. పొట్టిగా లావుగా, కారం తక్కువ, రంగు ఎక్కువ, టమాట మిర్చి అని కూడా అంటారు, 2025లో వరంగల్ చపాట పేరుతో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో దాన్ని రంగు చూసే కొంటారు. ఆ రంగు, ఆ కారం పాడవకుండా ఉండాలంటే పుప్పొడి పాడవకుండా ఉండాలి.

మిర్చి పువ్వు పొద్దున విచ్చుకుంటుంది, కానీ కేసరాలు పగలడానికి ఇంకా కొంచెం టైము పడుతుంది. చాలా రకాల్లో కీలాగ్రం కేసరాల కంటే పైకి వచ్చి ఉంటుంది. అంటే తన పుప్పొడి తయారయ్యేలోపు తలుపు తీసి ఉంది, ఏ తేనెటీగో చీమో వస్తే పక్క మొక్క పుప్పొడి ముందు పడిపోవచ్చు. ఎంత కలుస్తుందనేది రకాన్ని బట్టి, చుట్టూ ఉన్న పురుగుల్ని బట్టి చాలా మారుతుంది, కొన్ని చోట్ల నూటికి పది లోపు, కొన్ని చోట్ల సగం దాటి కూడా. మీ కుండీలు అడుగు దూరంలో ఉన్నాయి. కలుస్తుందనే అనుకోండి.

ఒకటి గుర్తుంచుకోండి, కలిసినా ఈ ఏడు కాయ మారదు. కాయ తొక్క, కండ, కారం అంతా తల్లి మొక్కదే. తేడా గింజ లోపల ఉంటుంది, అది మొలిచి కాసినప్పుడే బయటపడుతుంది. అందుకే చాలామంది మంచి చపాట కాయే కదా అని గింజ దాచి, మరుసటి ఏడు పొడుగు కాయలు చూసి విత్తనం ఇచ్చినవాణ్ణి తిడతారు. మక్కజొన్న మాత్రం వేరు, తెల్ల మక్క పక్కన పసుపు మక్క ఉంటే అదే కంకిలో అదే ఏడు పసుపు గింజలు కనిపిస్తాయి.

చేయాల్సింది ఇది. మంచి చపాట మొక్క చూసి ఒక కొమ్మ ఎంచుకోండి. దాని మీద ఇప్పటికే విచ్చిన పూలు, కట్టిన పిందెలు అన్నీ తుంచేయండి, మొగ్గలు మాత్రం ఉంచండి. పలుచని గుడ్డ సంచి గానీ దోమతెర ముక్క గానీ తొడిగి, కాడ దగ్గర దూది చుట్టి కట్టండి, చీమ కూడా దూరకూడదు. రోజూ పొద్దున సంచి పైనుంచే ఒకసారి కొమ్మను కదిలించండి. పది పదిహేను రోజులకు పిందెలు కనిపిస్తే సంచి తీసేసి ఆ కాడలకు ఎర్ర దారం కట్టండి, దారం ఉన్న కాయలే విత్తనానికి. ఒక్క మొక్క మీద ఆధారపడకుండా నాలుగైదు మొక్కల నుంచి తీస్తే మంచిది. తొడిగే ముందు పువ్వు లోపల నల్ల తామర పురుగులు ఉన్నాయేమో చూడండి, 2021 చివర నుంచి మన మిర్చి తోటల్ని ముంచింది అవే, అవి పువ్వులోనే కాపురం పెడతాయి, సంచి లోపల పడితే వాటికి పండగే, మీకు ఒక్క పిందె నిలవదు.

బెండకు ఇంత పని లేదు. రేపు విచ్చబోయే మొగ్గ ఈ సాయంత్రమే తెలుస్తుంది, కొసను దారంతో మెత్తగా కట్టేస్తే విచ్చుకోదు, లోపలే తన పుప్పొడి తనకు అంటుకుంటుంది. పెసర, పల్లి విత్తనానికి అసలు బెంగే పెట్టుకోవద్దు, వాటిలో పువ్వు విచ్చుకునే వేళకే పని అయిపోయి ఉంటుంది. కంది మాత్రం నమ్మొద్దు, తేనెటీగలు బాగా కలుపుతాయి.

మీ టమాట హైబ్రిడ్ అయితే స్వపరాగం మిమ్మల్ని కాపాడదు, అది కూడా చెప్పాలి. హైబ్రిడ్ మొక్క తనతో తాను కలిసినప్పుడు ఇద్దరు తాతల లక్షణాలూ విడిపోయి పిల్లలు తలోరకంగా వస్తాయి. ఒక్కో తరానికి ఆ మిశ్రమం సగం తగ్గుతుంది, 50, 25, 12.5 అట్లా ఐదారు తరాలకు నూటికి రెండు మూడు పాళ్లకు దిగుతుంది, అప్పుడు మీకు నచ్చిన మొక్క ఒకటి స్థిరపడుతుంది. ఓపిక ఉంటే సరదాగా చేయొచ్చు. బఠానీ మీద ప్రయోగాలు చేసి 1866లో ఫలితాలు అచ్చు వేయించిన మెండెల్ లెక్క కూడా ఇక్కడి నుంచే, బఠానీ స్వపరాగం కాబట్టే ఆయనకు తరాల లెక్క తేలింది.

తనతో తానే కలిస్తే మొక్క బలహీనపడదా అని ఇక్కడ ఇంకొకరు అడిగారు. మక్క, ఉల్లి లాంటి వాటిలో పడుతుంది, మూడు నాలుగు తరాలకే మొక్క పొట్టిగా అయిపోవడం కంటికి కనిపిస్తుంది. వేల ఏళ్లుగా స్వపరాగంలోనే ఉన్న వరి, పెసర, టమాటకు ఆ భయం లేదు. డార్విన్ పదకొండేళ్లు స్వపరాగం పిల్లల్నీ, పరపరాగం అంటే వేరే మొక్క పుప్పొడితో పుట్టిన పిల్లల్నీ జంటలుగా పెంచి 1876లో రాసిన దాంట్లో ఎక్కువ పంటల్లో పరపరాగం పిల్లలే ఎత్తుగా వచ్చాయి, కానీ ఒక తీగ పూల మొక్కలో స్వపరాగం ఆరో తరంలో పుట్టిన మొక్క ఒకటి తన జంటలోని పరపరాగం మొక్కను దాటేసింది. ఆయన దానికి హీరో అని పేరు పెట్టాడు.

చివరగా, బోడకాకర పందిరికి కాయ నిలవడం లేదని కిందనే అడిగినాయనకు. అది వీటన్నిటికీ వేరు, మగ తీగ వేరు, ఆడ తీగ వేరు. దుంపలు తెచ్చి నాటితే అన్నీ ఆడవే కావచ్చు, అన్నీ మగవే కావచ్చు. పది ఆడ తీగలకు ఒక మగ తీగ ఉండాలి. మీ పందిరి మీద పూలన్నిటి కిందా పిందె ఉండి ఒక్కటీ నిలవకపోతే మగ తీగ లేదన్నమాట, దుంప ఇచ్చినవాళ్లనే మగ దుంప ఒకటి అడగండి. దొండతో పోల్చుకోకండి, దొండకు మనం నాటే ముక్కలు ఆడ తీగవే, మగ తీగ లేకున్నా కాస్తుంది.